ఏ మెట్టు ఎవరిది



1987 మే 9. శనివారం. ఇంగ్లండ్‌కి నైరుతి మూల, సముద్రం ఒడ్డున టోర్కీ అనే ఊరు. ఆ ఊరి క్లబ్బు టోర్కీ యునైటెడ్. ఆ రోజు అది క్రూ అలెగ్జాండ్రా అనే క్లబ్బుతో ఆడుతోంది. ఆ సీజన్‌లో ఆఖరి మ్యాచ్. ఓడితే టోర్కీ లీగ్‌లోంచే వెళ్ళిపోవాలి. డ్రా చేసుకుంటే మిగులుతుంది. ఆట ముగియవస్తోంది. క్రూ రెండు, టోర్కీ ఒకటి.

అప్పుడు టోర్కీ డిఫెండర్ జిమ్ మెక్‌నికల్ బంతి కోసం గీత వైపు పరుగెత్తాడు. గీత అవతల ఒక పోలీసాయన నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన బ్రిన్ అనే పోలీసు కుక్క. ఎవడో తన యజమాని మీదికి వస్తున్నాడు అనుకుంది కాబోలు, మెక్‌నికల్ తొడ పట్టుకుంది.

మెక్‌నికల్‌కి కట్టు కట్టేసరికి కొన్ని నిమిషాలు గడిచాయి. రెఫరీ ఆ నిమిషాలన్నీ చివర్లో కలిపాడు. అలా కలిపిన సమయంలోనే పాల్ డాబ్సన్ గోల్ కొట్టాడు. రెండు, రెండు. టోర్కీ గట్టెక్కింది. గోల్స్ తేడా మీద లింకన్ సిటీ బయటికి పోయింది.

కుక్క కథ ఇంగ్లండ్‌లో అందరూ చెప్పుకుంటారు. నేను చెప్పదలచుకున్నది మాత్రం అదే మధ్యాహ్నం మరో ఊళ్ళో జరిగిన సంగతి. ఆ ఊరు బర్న్‌లీ. అక్కడి క్లబ్బుదీ అదే పరిస్థితి. ఆ రోజు తేడా వస్తే అదీ బయటికి పోయేదే. అది గెలిచి నిలబడింది. కానీ ఈ బర్న్‌లీ ఎవరనుకున్నారు? అప్పటికే రెండుసార్లు ఇంగ్లండ్ చాంపియన్. 1921లో ఒకసారి, 1960లో ఒకసారి. 1888లో ఆ లీగ్‌ని మొదలుపెట్టిన 12 క్లబ్బుల్లో అదొకటి.

చూడండి. టోర్కీ, బర్న్‌లీ. ఇద్దరూ ఒకే చోట ఉన్నారు. ఒకే ప్రమాదంలో ఉన్నారు. బర్న్‌లీని చూసి జనం, అయ్యో, ఎంతటి క్లబ్బుకి ఎలాంటి గతి పట్టింది అన్నారు. టోర్కీని చూసి ఎవరూ అలా అనలేదు. టోర్కీ ఉండాల్సింది అక్కడే, పాపం అక్కడైనా ఉండనివ్వండి అన్నట్టు చూశారు.

ఎందుకని? ఒక క్లబ్బుకి ఇది నీ చోటు, ఇది నీ చోటు కాదు అని జనం మనసులో ఎలా పడుతుంది? కింది మెట్ల మీద సహజంగా ఇమిడిపోయే క్లబ్బులు ఏవి? ఈ పూట ఆ మాటే మాట్లాడుకుందాం.

ముందు ఆ మెట్లు ఏమిటో చెప్పుకోవాలి. ఇంగ్లండ్‌లో పై మెట్టు ప్రీమియర్ లీగ్. మనం టీవీలో చూసేది అదే. అందులో 20 క్లబ్బులు. దాని కింద చాంపియన్‌షిప్. దాని కింద లీగ్ వన్. దాని కింద లీగ్ టూ. ఈ మూడింట్లోనూ తలా 24. మొత్తం కలిపితే 92 క్లబ్బులు. పేరు లీగ్ వన్ అయినా అది మూడో మెట్టు. లీగ్ టూ నాలుగో మెట్టు. వినేవాళ్ళకు తికమక కాబట్టి నేను మూడో మెట్టు, నాలుగో మెట్టు అనే అంటాను.

ప్రతి ఏడూ బాగా ఆడినవాళ్ళు ఒక మెట్టు ఎక్కుతారు. అట్టడుగున మిగిలినవాళ్ళు ఒక మెట్టు దిగుతారు. మన ఐపీఎల్‌లో ఆఖరున వచ్చిన జట్టు మరుసటి ఏడు మళ్ళీ అక్కడే ఆడుతుంది. ఇంగ్లండ్‌లో అలా కుదరదు. నాలుగో మెట్టు మీంచి కూడా దిగితే ఇక ఆ 92లో చోటు ఉండదు. టోర్కీ భయపడింది దానికే.

ఇప్పుడు అసలు విషయం. ఒక క్లబ్బు సహజంగా ఏ మెట్టుదో తెలుసుకోవాలంటే చాలామంది ముందు అడిగేది, ఎన్ని కప్పులు గెలిచింది అని. నేనైతే అది అడగను. రెండే ప్రశ్నలు అడుగుతాను. ఊరెంత? పొరుగున ఎవరున్నారు? ఈ రెండూ గుర్తుంచుకోండి. ఊరెంత? పొరుగున ఎవరున్నారు?

పొరుగుతోనే మొదలుపెడతాను.

లివర్‌పూల్ నగరం పేరు మీకు తెలుసు. మెర్సీ నది ఒడ్డున ఉంది. ఆ నగరంలో రెండు పెద్ద క్లబ్బులు. లివర్‌పూల్ ఒకటి, ఎవర్టన్ ఒకటి. నది దాటితే అవతలి ఒడ్డున బర్కెన్‌హెడ్ అనే ఊరు. అక్కడ ట్రాన్‌మియర్ రోవర్స్ అని ఒక క్లబ్బు ఉంది. బర్కెన్‌హెడ్ మరీ చిన్న ఊరేం కాదు. కానీ అక్కడ ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న కుర్రాడు నది దాటి వెళ్తే చాలు, దేశంలోకెల్లా పెద్ద ఆటగాళ్ళు కనిపిస్తారు. ఇక ట్రాన్‌మియర్‌కి ఎవరు వస్తారు?

ట్రాన్‌మియర్ ఏం చేసిందో తెలుసా? ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ అంటే శనివారం మధ్యాహ్నం. ట్రాన్‌మియర్ మాత్రం దశాబ్దాల పాటు తన సొంత మ్యాచ్‌లు చాలావరకు శుక్రవారం రాత్రి పెట్టుకుంది. శనివారం మీరు లివర్‌పూల్‌కి వెళ్ళండి, ఎవర్టన్‌కి వెళ్ళండి, మాకేం అభ్యంతరం లేదు, శుక్రవారం మాత్రం మా దగ్గరికి రండి అంది. పెద్దవాళ్ళతో పోటీ పడలేదు. వాళ్ళు ఖాళీగా వదిలిన రోజును తీసుకుంది. నన్నడిగితే కింది మెట్టు తెలివి అంటే ఇదే. 2000లో ఈ క్లబ్బే, నాలుగు మెట్ల క్లబ్బులూ కలిసి ఆడే లీగ్ కప్‌లో ఫైనల్ దాకా వెళ్ళింది. లెస్టర్ చేతిలో రెండు ఒకటి తేడాతో ఓడింది. 2015లో 92లోంచి జారిపోయింది. 2018లో తిరిగి వచ్చింది.

ఇంకొకటి పోర్ట్ వేల్. పింగాణీ సామాన్లకు పేరుపడ్డ స్టోక్ ఆన్ ట్రెంట్ నగరంలో బర్స్‌లెమ్ అనే పేట దానిది. ఆ నగరం పేరు పెట్టుకున్న స్టోక్ సిటీ క్లబ్బు పక్కనే ఉంది. పోర్ట్ వేల్ 1954లో మూడో మెట్టు మీద ఉండగానే, అలాగే అన్ని మెట్లవాళ్ళూ ఆడే ఎఫ్‌ఏ కప్‌లో సెమీఫైనల్ ఆడింది. కానీ పై మెట్టు మీద ఒక్క సీజన్ కూడా ఆడలేదు. పై మెట్టు చూడకుండా లీగ్‌లో అత్యధిక సీజన్లు ఆడిన క్లబ్బు అదే. ఒక రకంగా అదీ రికార్డే.

ఇక ఊరి సంగతి. ఊరెంత?

లాంకషైర్‌లో ఆక్రింగ్టన్ అనే ఊరు ఉంది. జనాభా 35 వేల ప్రాంతం. మన లెక్కలో చిన్న మున్సిపాలిటీ. ఒక పక్క కొద్ది మైళ్ళలోనే బ్లాక్‌బర్న్. ఇంకో పక్క ఆరేడు మైళ్ళలో బర్న్‌లీ. రెండు ఊళ్ళవీ ఇంగ్లండ్ చాంపియన్లుగా నిలిచిన క్లబ్బులు. వాటి మధ్యలో ఇరుక్కున్న క్లబ్బు ఆక్రింగ్టన్ స్టాన్లీ. ఊరు చిన్నది, పొరుగు పెద్దది. నా రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు వస్తుంది.

1962లో డబ్బు లేక, సీజన్ మధ్యలోనే ఈ క్లబ్బు లీగ్ నుంచి తప్పుకుంది. ఆ తర్వాత మూతే పడింది. 1968లో ఊరివాళ్ళు మళ్ళీ నిలబెట్టారు. చిన్నచిన్న లీగుల్లో ఆడుకుంటూ, ఒక్కో మెట్టూ ఎక్కుతూ 2006లో నాలుగో మెట్టుకు చేరారు. ఇక్కడొక చమత్కారం వినండి. 1962లో స్టాన్లీ ఖాళీ చేసిన చోటులోకి వచ్చింది ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్. 2006లో స్టాన్లీ తిరిగొచ్చిన ఏడే లీగ్‌లోంచి దిగిపోయిందీ ఆక్స్‌ఫర్డ్ యునైటెడే.

స్టాన్లీ లీగ్‌లో లేని ఆ కాలంలోనే, 1980ల చివర్లో, ఇంగ్లండ్‌లో పాల ప్రకటన ఒకటి టీవీలో వచ్చేది. అందులో ఇద్దరు పిల్లలు. పాలు తాగకపోతే ఆక్రింగ్టన్ స్టాన్లీలో ఆడడానికి తప్ప పనికిరావని లివర్‌పూల్ ఆటగాడు ఇయాన్ రష్ చెప్పాడంటాడు ఒకడు. అదెవరు అంటాడు రెండోవాడు. అదే మరి అంటాడు మొదటివాడు. అలా దేశమంతా నవ్వుకుంది. నవ్వినవాళ్ళందరికీ ఆ పేరు మాత్రం గుర్తుండిపోయింది. లీగ్‌లో లేని క్లబ్బుకి అంత ప్రచారం ఎవరిస్తారు చెప్పండి!

బ్లాక్‌బర్న్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ క్లబ్బు 1995లో ప్రీమియర్ లీగ్ విజేత. 2010లో దాన్ని కొన్నది మన దేశపు సంస్థే. పుణెలోని వెంకీస్, కోళ్ళ వ్యాపారం వాళ్ళు. 2012లో బ్లాక్‌బర్న్ పై మెట్టు దిగింది. 2017లో మూడో మెట్టుకు జారింది. ఆ మరుసటి సీజన్ చూడండి. బ్లాక్‌బర్న్ మూడో మెట్టు మీద, స్టాన్లీ నాలుగో మెట్టు మీద. మధ్య ఒక్క మెట్టే తేడా. ఊరంతా ఊపిరి బిగబట్టి చూసింది. 2018లో ఇద్దరూ చెరో మెట్టు ఎక్కారు. తేడా అలాగే మిగిలింది. స్టాన్లీ మూడో మెట్టుకు రావడం అదే మొదటిసారి, కొత్తగా పుట్టాక. అక్కడ అయిదేళ్ళు ఉండి 2023లో మళ్ళీ నాలుగుకు దిగింది. మూడో మెట్టు మీద అయిదేళ్ళు ఉండడం ఆ క్లబ్బుకి పండగ. బ్లాక్‌బర్న్‌కి మూడో మెట్టు మీద ఒక్క ఏడు ఉండడమే నామోషీ.

మీలో ఎవరికైనా అనుమానం వచ్చి ఉంటుంది. ఊరు చిన్నదైతే కింది మెట్టు అంటున్నారు, మరి బర్న్‌లీ సంగతేమిటి, అది మాత్రం పెద్ద ఊరా అని. నిజమే. బర్న్‌లీ పెద్ద ఊరు కాదు. లక్ష జనం కూడా లేరు. నా నియమానికి అది లొంగదు. అందుకు నాకు తోచిన కారణం ఒకటే. అది ముందు వచ్చింది. నూలు మిల్లులు జోరుగా నడిచే రోజుల్లో, మిల్లు పనివాళ్ళకి శనివారం మధ్యాహ్నం సెలవు దొరికే రోజుల్లో, 1888లోనే లీగ్‌లో ఉంది. తాతలు వెళ్ళిన మైదానానికే మనవలు వెళ్తారు. ఆ అలవాటు మిల్లులు మూతపడ్డా పోలేదు. వెనక వచ్చినవాళ్ళకి మిగిలిన చోటే దక్కింది. అంటే ఊరెంత, పొరుగున ఎవరున్నారు అని అడిగేటప్పుడు, ఎప్పుడొచ్చింది అని కూడా కాస్త అడగాలి.

వెనక వచ్చినవాళ్ళలో నాకు బాగా నచ్చినది రోచ్‌డేల్. దాని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఓపిక పట్టండి.

రోచ్‌డేల్ పేరు సహకార సంఘాల్లో పనిచేసిన మన పెద్దలు వినే ఉంటారు. 1844లో ఆ ఊరి నేతపనివాళ్ళు, చేతివృత్తులవాళ్ళు తలా కొంచెం డబ్బు వేసుకుని టోడ్ లేన్ అనే వీధిలో ఒక కొట్టు తెరిచారు. పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తులు, అంతే సరుకు. ఆధునిక సహకారోద్యమం అక్కడ మొదలైందని మన దగ్గర శిక్షణ తరగతుల్లో ఇప్పటికీ చెప్తారు. ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు 1907లో పుట్టింది. 1921లో లీగ్‌లోకి వచ్చింది. పొరుగున ఎవరున్నారు? పది పన్నెండు మైళ్ళలో మాంచెస్టర్. అక్కడ యునైటెడ్, సిటీ. పక్కనే ఓల్డ్‌హామ్. పక్కనే బెరీ. ఇంతమంది మధ్య రోచ్‌డేల్‌కి మిగిలేది ఎంత?

1921 నుంచి 2023 దాకా, 102 ఏళ్ళు అది లీగ్‌లో ఉంది. ఆ 102 ఏళ్ళలో పై రెండు మెట్లూ ఒక్కసారి కూడా ఎక్కలేదు. 1974లో మూడో మెట్టు దిగింది. ఆ సీజన్‌లో 46 మ్యాచ్‌లు ఆడితే గెలిచినవి రెండే. అలా దిగింది 2010 దాకా పైకి రాలేదు. 36 ఏళ్ళు! అదే నాలుగో మెట్టు. ఆ మెట్టుకి రోచ్‌డేల్ డివిజన్ అనే మారుపేరు పెట్టి జనం నవ్వుకునేవాళ్ళు.

మధ్యలో పడిపోయే ప్రమాదమూ వచ్చింది. ఆ రోజుల్లో ఆఖరున నిలిచిన క్లబ్బు దానంతట అదే దిగిపోయేది కాదు. మిగతా క్లబ్బులు కూర్చుని ఓట్లు వేసేవి, వీళ్ళని ఉంచాలా, కొత్తవాళ్ళని తీసుకోవాలా అని. 1978లో రోచ్‌డేల్ అట్టడుగున ఉంది. అయినా దానికి ఓట్లు పడ్డాయి. దానికి ఒక మెట్టు పైన ముగించిన సౌత్‌పోర్ట్ పోయింది. 1980లో మళ్ళీ అట్టడుగే. ఆల్ట్రింగమ్ అనే క్లబ్బు చోటు కోసం పోటీకి వచ్చింది. ఓట్లు లెక్కపెడితే రోచ్‌డేల్‌కి 26, ఆల్ట్రింగమ్‌కి 25. ఒక్క ఓటు! మన పంచాయతీ ఎన్నికల్లో కూడా ఇంత ఉత్కంఠ అరుదు.

మరి ఆ క్లబ్బుకి సంతోషాలే లేవా? ఉన్నాయి. 1962లో నాలుగో మెట్టు మీద ఉండి లీగ్ కప్ ఫైనల్ ఆడింది. నారిచ్ చేతిలో ఓడింది. 2018లో ఎఫ్‌ఏ కప్‌లో ప్రీమియర్ లీగ్ క్లబ్బు టాటెన్‌హామ్ ఈ ఊరికి వచ్చింది. ఆఖరి నిమిషాల్లో రోచ్‌డేల్ గోల్ కొట్టి రెండు రెండుగా ముగించింది. మళ్ళీ ఆడాల్సి వచ్చి దేశపు పెద్ద మైదానం వెంబ్లీకి వెళ్తే ఆరు ఒకటితో చిత్తయింది. అయితేనేం? వెంబ్లీలో ఆడింది కదా.

మన ఆర్టీసీలో పల్లెవెలుగు బస్సు ఉంది, గరుడ బస్సు ఉంది. పల్లెవెలుగు ఊరూరా ఆగుతుంది. కూరల తట్టల్నీ ఎక్కించుకుంటుంది, బడిపిల్లల్నీ ఎక్కించుకుంటుంది. దాన్ని చూసి, పాపం గరుడ కాలేకపోయింది అని మనం జాలిపడం. దాని దారి వేరు. అది ఎక్కించుకునే మనుషులు వేరు. రోచ్‌డేల్ లాంటి క్లబ్బు కూడా అంతే. రెండు మూడు వేల మంది వస్తారు. వాళ్ళలో సగం మందికి సగం మంది తెలుసు. ఎవరి కుర్చీ ఎక్కడో తెలుసు. ఆ క్లబ్బు ప్రీమియర్ లీగ్ కాలేకపోయిన క్లబ్బు కాదు. తన ఊరికి సరిపడా క్లబ్బు.

ఈ మాట మళ్ళీ చెప్తాను. కింది మెట్టు మీద సహజంగా ఇమిడే క్లబ్బు అంటే ఓడిపోయిన క్లబ్బు కాదు. తన ఊరికి సరిపడా ఉన్న క్లబ్బు.

సరిపడా ఉండడం మాట్లాడుకున్నంత తేలిక కాదు. ప్రీమియర్ లీగ్‌లో ఆఖరున నిలిచిన క్లబ్బుకి కూడా టీవీ డబ్బు, ఇతర వాటాలు కలిపి ఏడాదికి పది కోట్ల పౌన్లకు పైనే అందుతుంది. నాలుగో మెట్టుకి అందేది అందులో చిన్న తునక. మిగతాది టికెట్ల మీద, ఊరి దుకాణాల ప్రకటనల మీద, ఆటగాళ్ళని అమ్మడం మీద రావాలి.

ఆటగాళ్ళని అమ్మడంలో ఆరితేరినది క్రూ అలెగ్జాండ్రా. అదే, మొదట కుక్క కథలో టోర్కీతో ఆడిన క్లబ్బు. క్రూ రైల్వే జంక్షన్ ఊరు. స్టేషన్‌లో దిగి నడిస్తే మైదానం వచ్చేస్తుంది. మాంచెస్టర్ యునైటెడ్ వద్దని వదిలేసిన డేవిడ్ ప్లాట్‌ని 1985లో తెచ్చుకుంది. మూడేళ్ళు ఆడించి ఆస్టన్ విలాకి అమ్మింది. 1990 ప్రపంచ కప్‌లో బెల్జియం మీద ఆఖరి నిమిషంలో ఇంగ్లండ్‌కి గోల్ కొట్టింది ఆ ప్లాటే. డానీ మర్ఫీ, డీన్ ఆష్టన్ అక్కడే తయారై పైకి వెళ్ళారు. ఆ డబ్బుతో, రెండో మెట్టు మీద ఉన్న రోజుల్లో, దాదాపు ఏడు వేల మంది పట్టే పెద్ద స్టాండ్ కట్టారు. మైదానం మొత్తానికి పట్టేది పది వేల మందే. ఒక వైపు మాత్రం కొండలా ఉంటుంది.

క్రూ శిక్షణకి మంచిపేరుతో పాటు మాయని మచ్చ కూడా ఉంది. గతంలో అక్కడ పిల్లలకు శిక్షణ ఇచ్చిన ఒకడు పిల్లలపై లైంగిక నేరాలకు పాల్పడ్డట్టు రుజువై 2018లో దీర్ఘకాలం జైలుశిక్ష పడింది. క్రూని మెచ్చుకునేటప్పుడు ఆ సంగతి దాచడం న్యాయం కాదు. ఊరు నమ్మి పిల్లల్ని అప్పగించే చోటు అది.

ఎక్సిటర్ సిటీది ఇంకో దారి. ఇది టోర్కీకి పొరుగూరు క్లబ్బే. 1914లో బ్రెజిల్ వెళ్ళింది. బ్రెజిల్ దేశపు జట్టు ఆడిన మొదటి మ్యాచ్‌గా చెప్పుకునేది ఎక్సిటర్‌తోనే. ఎక్సిటర్ రెండు సున్నాతో ఓడింది. అంత ఘనత ఉన్న క్లబ్బు 2003లో అప్పుల్లో మునిగి లీగ్‌లోంచి జారిపోయింది. అప్పుడు అభిమానులే సంఘంగా ఏర్పడి క్లబ్బుని చేతిలోకి తీసుకున్నారు. ఇప్పటికీ అది వాళ్ళదే. 2005లో ఎఫ్‌ఏ కప్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మైదానానికి వెళ్ళి సున్నా సున్నాతో డ్రా చేసింది. ఆ మ్యాచ్, డ్రా వల్ల మళ్ళీ ఆడిన మ్యాచ్, ఆ రెండింటి రాబడితో అప్పులు చాలా తీరాయి. ఆ తర్వాత తన దగ్గర పెరిగిన ఓలీ వాట్కిన్స్‌ని బ్రెంట్‌ఫర్డ్‌కి అమ్మింది. బ్రెంట్‌ఫర్డ్ అతణ్ణి ఆస్టన్ విలాకి అమ్మినప్పుడు అందులోనూ ఎక్సిటర్‌కి వాటా వచ్చింది. 2024 యూరో కప్ సెమీఫైనల్లో నెదర్లాండ్స్ మీద ఇంగ్లండ్‌ని గెలిపించిన గోల్ ఆ వాట్కిన్స్‌దే.

ఇవీ తన మెట్టు తెలిసి బతికే పద్ధతులు. శుక్రవారం ఆడడం, కుర్రాళ్ళని పెంచి అమ్మడం, అభిమానులే యజమానులు కావడం. తెలియకపోతే ఏమవుతుంది?

బెరీ సంగతి చూడండి. రోచ్‌డేల్‌కి పక్క ఊరు. 1900లో ఒకసారి, 1903లో ఒకసారి ఎఫ్‌ఏ కప్ గెలిచిన క్లబ్బు. 1903 ఫైనల్లో డార్బీని ఆరు సున్నాతో ఓడించింది. కప్పులు మాత్రమే చూసేవాళ్ళకి అది గొప్ప క్లబ్బు. ఊరెంత, పొరుగున ఎవరున్నారు అని అడిగేవాళ్ళకి అది మాంచెస్టర్ నీడలో ఉన్న చిన్న క్లబ్బు. దాన్ని నడిపినవాళ్ళు వచ్చే రాబడికి మించి జీతాలు ఒప్పుకున్నారు. పల్లెవెలుగు తిరిగే దారిలో గరుడ నడిపితే డీజిల్ ఖర్చు కూడా రాదు. 2018 చివర్లో ఆ క్లబ్బు ఒక్క పౌనుకు చేతులు మారింది. ఒక్క పౌను! 2019 వసంతంలో ఆటగాళ్ళు జీతాలు అందకపోయినా ఆడి, గెలిచి, మూడో మెట్టు ఎక్కారు. ఎక్కిన ఆ మెట్టు మీద ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. నడపడానికి డబ్బు ఉందని చూపించలేక 2019 ఆగస్టులో లీగ్ నుంచి బహిష్కరణ పాలైంది. 1894 నుంచి ఉన్న చోటు పోయింది. తర్వాత అభిమానులు కలిసి పాత మైదానం గిగ్ లేన్‌ని దక్కించుకున్నారు. 2023 నుంచి అక్కడ మళ్ళీ ఆడుతున్నారు, చాలా కింది మెట్టు మీద.

ఇంతకీ ఎవరి మెట్టు వారికి రాసిపెట్టి ఉందా అంటే, లేదు. బోర్న్‌మత్ 2008లో నాలుగో మెట్టు మీద సీజన్ మొదలుపెట్టింది. డబ్బు చిక్కుల వల్ల 17 పాయింట్లు కోత పడి, సున్నా కంటే కింద నుంచి ఆడింది. 2015లో ప్రీమియర్ లీగ్‌లో ఉంది. అటు మాంచెస్టర్ సిటీ 1999లో మూడో మెట్టు మీంచి పైకి రావడానికి వెంబ్లీలో పెనాల్టీల దాకా పోరాడింది, జిలింగమ్ అనే క్లబ్బుతో. సహజమైన చోటు అన్నది గట్టి హామీ కాదు. రోచ్‌డేల్ కూడా 2023లో ఆ 92లోంచి జారింది. బోర్న్‌మత్ వెనక పెద్ద డబ్బున్న యజమాని నిలబడ్డాడు. అలాంటివాడు దొరికితే నా రెండు ప్రశ్నలూ కొన్నేళ్ళు పక్కకు తప్పుకుంటాయి. వాడు విసుగెత్తి వెళ్ళిపోయిన రోజు మళ్ళీ తలుపు తడతాయి.

క్రికెట్ అభిమానులకు ఒక చిన్న ముచ్చట. ఇయాన్ బోథమ్ తెలుసుగా. 1982లో ఓవల్‌లో మన మీద 208 పరుగులు కొట్టినాయన. ఆయన 1980ల్లో స్కంథార్ప్ యునైటెడ్ తరఫున లీగ్ ఫుట్‌బాల్ ఆడాడు. ఉక్కు కర్మాగారం ఊరు అది. కెవిన్ కీగన్, రే క్లెమెన్స్ లివర్‌పూల్‌కి వెళ్ళింది కూడా అక్కణ్ణించే. టెస్టుల్లో ప్రపంచాన్ని గడగడలాడించిన మనిషి చలికాలంలో వెళ్ళి నాలుగో మెట్టు క్లబ్బులో ఆడి వచ్చేవాడు. ఆ మెట్టుకి అంతటి చనువు ఉంది.

చివరగా, మనకు సంబంధించిన సంగతి ఒకటి. శనివారం రాత్రి ఏడున్నరకో, చలికాలమైతే ఎనిమిదిన్నరకో మనం టీవీలో ప్రీమియర్ లీగ్ మ్యాచ్ చూస్తాం. ఇంగ్లండ్‌లో అప్పుడు మధ్యాహ్నం 3 గంటలు. అదే మ్యాచ్‌ని ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళు టీవీలో చూడలేరు. శనివారం 2:45 నుంచి 5:15 దాకా అక్కడ ప్రత్యక్ష ప్రసారం నిషేధం. 1960ల నుంచీ ఉన్న కట్టుబాటు అది. పట్టుబట్టి దాన్ని తెప్పించినవాడు బాబ్ లార్డ్, బర్న్‌లీ క్లబ్బు చైర్మన్. పెద్ద మ్యాచ్ టీవీలో వస్తే చిన్న క్లబ్బుల మైదానాలకు జనం రారు అన్నాడు. మాంచెస్టర్ మ్యాచ్‌ని హైదరాబాద్‌లో చూడొచ్చు, విజయవాడలో చూడొచ్చు, మాంచెస్టర్‌లో ఇంట్లో కూర్చుని చూడకూడదు. అదంతా ఆక్రింగ్టన్ కోసం, క్రూ కోసం, రోచ్‌డేల్ కోసం.

మన తెలుగు పిల్లలు ఇప్పుడు ఇంగ్లండ్‌లో చాలామంది చదువుకుంటున్నారు. మాంచెస్టర్, ప్రెస్టన్, లివర్‌పూల్, ఎక్సిటర్, అన్ని చోట్లా ఉన్నారు. మీ అబ్బాయో, మీ అమ్మాయో, మీ అక్కగారి పిల్లలో అక్కడ ఉంటే ఈ ఆదివారం ఫోన్లో మాట్లాడేటప్పుడు ఒక మాట చెప్పండి. ప్రీమియర్ లీగ్ టికెట్ దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. మూడో మెట్టు, నాలుగో మెట్టు మ్యాచ్ అయితే ఇరవై, పాతిక పౌన్ల ప్రాంతంలో టికెట్ ఉంటుంది. శనివారం మధ్యాహ్నం రైలెక్కి క్రూలోనో, ఆక్రింగ్టన్‌లోనో దిగమనండి. ఊరెంతో, పొరుగున ఎవరున్నారో చూసి రమ్మనండి. చలికోటు మాత్రం మర్చిపోవద్దనండి, లాంకషైర్‌లో వాన ఎక్కువ.